ర్యాప్ ఎదుగుదల తెలియాలంటే ఏ చార్ట్ చూడాలి? నాలుగు జాబితాల పోలిక

మా అక్క కొడుకు టెక్సాస్‌లో పదకొండో తరగతి చదువుతున్నాడు. మొన్నామధ్య స్కూలు ప్రాజెక్టు ఉందని ఫోన్ చేశాడు. "మావయ్యా, ర్యాప్ పాప్ మ్యూజిక్‌లోకి ఎప్పుడొచ్చింది? ఒకచోట 1979 అని ఉంది, ఒకచోట 1990, ఇంకోచోట 2003, మరోచోట 2017. టీచర్‌కి ఏది రాయాలి?" అని టెన్షన్ పడిపోతున్నాడు.

నాలుగూ నిజమే. ఒక్కో సంవత్సరం వెనక ఒక్కో లెక్క ఉంది. ఆ రోజు వాడికి అరగంట చెప్పాను. చెప్పాక, ఇది వాడొక్కడి ఇబ్బంది కాదనిపించింది. "చార్ట్‌లో నంబర్ వన్" అన్న మాట వినగానే మనం సరేననుకుని ముందుకెళ్లిపోతాం. ఏ చార్ట్‌లో, అందులో ఏం లెక్కపెడతారు అని అడగం. ర్యాప్ విషయంలో ఈ ప్రశ్న అడగకపోతే చరిత్రే తారుమారు అవుతుంది.

సంతలో తక్కెడ ఉంటుంది. దాని మీద పెట్టిన సరుకు బరువే అది చెబుతుంది. పక్కన బస్తాల్లో ఎంత ఉన్నా, తక్కెడ మీదకి రాకపోతే లెక్కలోకి రాదు. అమెరికాలో ర్యాప్ చాలా ఏళ్లు అలా పక్కన బస్తాల్లో ఉంది. తర్వాత పాటలు మారాయి, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా తక్కెడ మారింది. ఏ జాబితా చూడాలో తేల్చుకునే ముందు ఈ సంగతి పట్టుకుంటే మిగతాదంతా సులువు.

నేను పోల్చేవి బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే నాలుగు జాబితాలు: హాట్ 100, ఆర్ అండ్ బి–హిప్‌హాప్ జాబితా (ఆర్ అండ్ బి అంటే రిథమ్ అండ్ బ్లూస్, హిప్‌హాప్ అంటే ర్యాప్ పుట్టిన సంగీతం), పాప్ రేడియో జాబితా, ర్యాప్ జాబితా. నాలుగింటికీ నా దగ్గర సమానమైన మర్యాద లేదు, ఆ మాట ముందే చెప్తున్నాను.

ఒకే పాట, రెండు నంబర్లు

ముందు మూడు పాటలు తీసుకుందాం. 1979లో న్యూజెర్సీలోని షుగర్ హిల్ రికార్డ్స్ నుంచి షుగర్‌హిల్ గ్యాంగ్ పాట "ర్యాపర్స్ డిలైట్" వచ్చింది. అంతకు ఆరేళ్ల ముందు, 1973 ఆగస్టు 11న, న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనంలో డీజే కూల్ హెర్క్ పెట్టిన పార్టీతో మొదలైన సంగతి, ఈ పాటతో రికార్డు మీదకి ఎక్కింది. మా వాడు చెప్పిన 1979 ఇదే. 1980లో కర్టిస్ బ్లో "ద బ్రేక్స్" వచ్చింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ వాళ్ల "ద మెసేజ్" వచ్చింది. పేదవాడలో బతుకు ఎంత ఊపిరాడకుండా ఉంటుందో దాచకుండా చెప్పిన పాట అది.

నల్లజాతి శ్రోతల జాబితాలో, అంటే ఇప్పటి ఆర్ అండ్ బి–హిప్‌హాప్ జాబితాలో, ఈ మూడు పాటలూ ఎక్కిన ఎత్తు ఒకటే: 4వ స్థానం. అదే పాటలు హాట్ 100లో ఎక్కడ ఆగాయి? "ర్యాపర్స్ డిలైట్" 36 దగ్గర, "ద మెసేజ్" 62 దగ్గర, "ద బ్రేక్స్" 87 దగ్గర.

ఈ నంబర్లు మొదటిసారి పక్కపక్కన రాసుకున్నప్పుడు చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను. అవే రికార్డులు, అదే దేశం. 87వ స్థానం చూసినవాడు "ఈ పాట సరిగ్గా ఆడలేదు" అంటాడు. 4వ స్థానం చూసినవాడు "ఊరంతా మోగింది" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక జాబితా నల్లజాతి పేటల్లోని దుకాణాలను, స్టేషన్లను అడిగింది. ఇంకో జాబితా ముఖ్యంగా పాప్ స్టేషన్లను, దేశమంతటి దుకాణాలను అడిగింది. ఆ పాప్ స్టేషన్లలో ఎక్కువ భాగం అసలు ర్యాప్ వెయ్యలేదు.

ఇప్పుడు దీనికి తిరగబడిన లెక్క చూడండి. 1986లో రన్ డీఎంసీ వాళ్లు రాక్ బ్యాండ్ ఏరోస్మిత్‌తో కలిసి ఆ బ్యాండ్ పాత పాట "వాక్ దిస్ వే"ని మళ్లీ చేశారు. హాట్ 100లో 4వ స్థానం వచ్చింది, నల్లజాతి జాబితాలో 8. గిటార్ మోత, తెల్లవాళ్లకు తెలిసిన పాట తోడైతే పాప్ స్టేషన్ల తలుపు ఎంత తేలిగ్గా తెరుచుకుంటుందో ఆ రెండు అంకెలే చెబుతాయి. అంతకుముందు 1981 మార్చిలోనూ ఇలాగే జరిగింది. హాట్ 100 నంబర్ వన్‌లో ర్యాప్ ముక్క మొదట వినిపించింది బ్లాండీ అనే రాక్ బ్యాండ్ పాట "ర్యాప్చర్"లో.

హాట్ 100

1958 ఆగస్టులో మొదలైన ఈ జాబితానే అందరూ "చార్ట్" అంటారు. అమ్మకాలు, రేడియో, ఇప్పుడైతే స్ట్రీమింగ్, అన్నీ కలిపి ఒకే అంకె ఇస్తుంది. ఇది చూడకుండా ర్యాప్ గురించి మాట్లాడలేం. కానీ దీని లెక్క ఎన్నిసార్లు మారిందో తెలియకుండా చూస్తే మోసపోతాం.

1991 వరకు లెక్క ఎలా జరిగేదో వినండి. బిల్‌బోర్డ్ వాళ్లు రికార్డు దుకాణాలకు ఫోన్ చేసి ఏవి బాగా అమ్ముడయ్యాయని అడిగేవాళ్లు. రేడియో స్టేషన్లు తాము వేస్తున్న పాటల జాబితా తామే పంపేవి. దుకాణంలో ఫోన్ ఎత్తినవాడికి గుర్తున్నదే లెక్క. వాడికి రాక్ ఇష్టమైతే రాక్ ముందుకొచ్చేది. రికార్డు కంపెనీ మనిషి వచ్చి మాటసాయం అడిగితే ఆ పాట ఇంకాస్త పైకి వెళ్లేది.

1991 మే 25 నుంచి ఆల్బమ్‌ల జాబితాకి సౌండ్‌స్కాన్ లెక్క వచ్చింది. అంటే బిల్లింగ్ కౌంటర్లో బార్‌కోడ్ మీద పడిన ప్రతి బీప్ ఒక ఓటు. నెల తిరగకముందే లాస్ ఏంజెలెస్ బృందం ఎన్.డబ్ల్యూ.ఏ ఆల్బమ్ రెండో స్థానంలో దిగి, మరుసటి వారం మొదటి స్థానానికి ఎక్కింది. రేడియో దాదాపు ముట్టుకోని ఆల్బమ్ అది. కొనేవాళ్లు అంతకుముందు కూడా ఉన్నారు, లెక్కపెట్టే చెయ్యి మాత్రమే కొత్తది. అదే ఏడాది నవంబర్ 30 నుంచి హాట్ 100 కూడా మారింది. దుకాణంలో బార్‌కోడ్, రేడియోకి కంప్యూటర్ చెవి. ఏ స్టేషన్ ఏ పాట ఎన్నిసార్లు వేసిందో ఆ కంప్యూటరే విని రాసుకుంటుంది.

ఆ మరుసటి ఏడాది చూడండి. ఇద్దరు కుర్రాళ్ల జోడీ క్రిస్ క్రాస్ పాట "జంప్" 8 వారాలు, సర్ మిక్స్-ఎ-లాట్ పాట "బేబీ గాట్ బ్యాక్" 5 వారాలు నంబర్ వన్. 1995లో కూలియో "గ్యాంగ్‌స్టాస్ ప్యారడైజ్" ఏడాది మొత్తానికే బిల్‌బోర్డ్ మొదటి పాట.

మా వాడు చెప్పిన 1990 సంగతి ఇక్కడిదే. ఆ నవంబర్‌లో వనిల్లా ఐస్ పాట "ఐస్ ఐస్ బేబీ" హాట్ 100లో మొదటి స్థానం తెచ్చుకుంది. ఒక హిప్‌హాప్ సింగిల్‌కి, అంటే ఆల్బమ్ నుంచి విడిగా అమ్మే పాటకి, అది మొదటిసారి. కానీ అదే ఏడాది అంతకంటే పెద్ద ఊపు ఊపినవాడు ఎం.సి. హ్యామర్. ఆయన ఆల్బమ్ 21 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆయన పాట "యూ కాంట్ టచ్ దిస్" హాట్ 100లో 8 దగ్గరే ఆగింది. కారణం? దాన్ని మామూలు సింగిల్‌గా అమ్మలేదు, పెద్ద సైజు 12 అంగుళాల రికార్డుగానే వదిలారు. పాట కావాలంటే ఆల్బమ్ కొనాల్సిందే. 1998 డిసెంబర్ దాకా సింగిల్‌గా అమ్మకానికి పెట్టని పాటకు హాట్ 100లో అసలు చోటే లేదు, రేడియోలో ఎంత మోగినా సరే. ఆ నియమం తీసేసిన రోజునే ఇతర రకాల స్టేషన్ల లెక్క కూడా కలిపారు. కాబట్టి 1998కి ముందు హాట్ 100 చూసి "ఈ పాట లేదు, అంటే హిట్ కాదు" అని మాత్రం అనకండి.

ఆ తర్వాత 2005లో డౌన్‌లోడ్‌లు కలిశాయి, 2013లో యూట్యూబ్ కలిసింది. స్ట్రీమింగ్ లెక్క బలపడ్డాక రేడియో అనుమతి లేకుండానే పాట పైకి వెళ్లే రోజులొచ్చాయి. 2018 జూలైలో డ్రేక్ ఆల్బమ్ "స్కార్పియన్" వచ్చిన వారం, టాప్ 10లో 7 పాటలు ఆయనవే. అంతకుముందు 1964లో బీటిల్స్‌కి 5 ఉండేవి. ఇది విని ఎవరైనా "డ్రేక్ బీటిల్స్‌ని మించాడు" అంటే ఒప్పుకోవద్దు. 1964లో ఒక్కో సింగిల్ దుకాణానికెళ్లి కొనాలి. 2018లో ఆల్బమ్ మొత్తం ఒక రాత్రి వింటే పాతిక పాటలకు పాతిక ఓట్లు పడతాయి. రెండు వేర్వేరు తక్కెడలు.

పాప్ రేడియో జాబితా

1992 అక్టోబర్‌లో మొదలైన ఈ జాబితాని మొదట్లో మెయిన్‌స్ట్రీమ్ టాప్ 40 అన్నారు, ఇప్పుడు పాప్ ఎయిర్‌ప్లే. ఇందులో అమ్మకాలు లేవు, స్ట్రీమింగ్ లేదు. పాప్ స్టేషన్లు ఏ పాట ఎన్నిసార్లు వేశాయి, అంతే. ర్యాప్ నిజంగా పాప్ రేడియోలోకి ఎప్పుడొచ్చింది అన్నదే మీ ప్రశ్న అయితే, సూటిగా జవాబు చెప్పేది ఈ ఒక్కటే.

ఈ జాబితాని అర్థం చేసుకోవాలంటే అమెరికా రేడియో ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. అక్కడ ఒక్కో స్టేషన్‌కి ఒక్కో ఫార్మాట్: పాప్, రాక్, కంట్రీ, అర్బన్. అర్బన్ అంటే నల్లజాతి శ్రోతల కోసం నడిచేది. యాడ్‌లు ఇచ్చేవాళ్లకు కావాల్సింది కొనే స్తోమత ఉన్న పాతికేళ్లు దాటినవాళ్లు. ర్యాప్ వేస్తే వాళ్లు స్టేషన్ మార్చేస్తారని మేనేజర్ల భయం. 1990ల మొదట్లో కొన్ని స్టేషన్లు "మా దగ్గర ర్యాప్ ఉండదు" అని గొప్పగా ప్రచారమే చేసుకున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో ఏ.ఎం. బ్యాండ్ మీద 1580 దగ్గర కె.డే అనే స్టేషన్ 1980లలో రోజంతా ర్యాప్ వేసేది. 1991లో అది ఆగిపోయింది. ర్యాప్‌కి జనం ఎంతమంది ఉన్నారో సౌండ్‌స్కాన్ బయటపెట్టింది కూడా ఆ ఏడాదే.

ఇంకో చిక్కు పరిశోధనది. స్టేషన్లు శ్రోతలకు ఫోన్ చేసి పాటలోని పది సెకన్ల ముక్క వినిపిస్తాయి. నచ్చిందా, విసుగొచ్చిందా అని అడుగుతాయి. ఆ ముక్క చాలావరకు పల్లవే. ర్యాప్‌లో అసలు పనితనం చరణాల్లో ఉంటుంది, ప్రాస మీద ప్రాస పేర్చుకుంటూ పోవడంలో ఉంటుంది. పది సెకన్ల పరీక్షలో అది పాస్ కాదు. అందుకే పాప్ రేడియోలో గెలిచిన ర్యాప్ పాటల్లో ఎక్కువ వాటికి పాడుకునే పల్లవి ఉంటుంది, చాలాసార్లు వేరే గొంతుతో. 2010లో ఎమినెమ్, రిహానాల "లవ్ ద వే యూ లై", 2009లో జే-జీ, అలీషియా కీస్‌ల "ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్", 2008లో ఫ్లో రైడా, టీ-పెయిన్‌ల "లో" అన్నీ ఈ కోవవే. ర్యాప్ పాప్‌ని గెలిచిందని అంటారు గానీ, గెలవడానికి అది తన ఆకారం ఎంత మార్చుకుందో ఈ జాబితా చూస్తేనే తెలుస్తుంది.

నేను 2002 నుంచి రెండేళ్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నాను. చేతులు మారి మారి వచ్చిన పాత కారు. క్యాసెట్ ప్లేయర్ పాడైపోయింది, రేడియో ఒక్కటే దిక్కు. 97.1 దగ్గర హాట్ 97, పూర్తిగా హిప్‌హాప్. 100.3 దగ్గర జీ100, పూర్తిగా పాప్. రూట్ 1 మీద ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ ఈ రెండు బటన్ల మధ్య నా వేలు తిరుగుతుండేది. 2002 చలికాలంలో ఎమినెమ్ "లూజ్ యువర్‌సెల్ఫ్" రెండు చోట్లా ఒకేసారి మోగడం నాకు బాగా గుర్తు. ఒక బటన్ నొక్కితే రెండో చరణం, ఇంకోటి నొక్కితే పల్లవి. ఆ పాట హాట్ 100లో 12 వారాలు మొదటి స్థానంలో ఉందని, ఆస్కార్ గెలిచిన మొదటి ర్యాప్ పాట అని తర్వాత తెలిసింది. కానీ ఏదో మారుతోందని నాకు చెప్పింది మాత్రం ఆ రెండు బటన్లే. 2003 వసంతంలో 50 సెంట్ పాట "ఇన్ డా క్లబ్" వచ్చేసరికి ఏ స్టేషన్ మీద ఉన్నానో కిందికి చూస్తేగానీ తెలిసేది కాదు.

అదే కారులో ఇంకోటి కూడా విన్నాను. ఆఫీసుల్లో పెట్టుకునే మెత్తని పాటల స్టేషన్ ఒకటి ఉండేది. ఒకరోజు అందులో నాకు తెలిసిన పాట వస్తోంది. మధ్యలో ర్యాపర్ చరణం రావాల్సిన చోట రాలేదు. రెండో పల్లవి అయిపోయి నేరుగా మూడో పల్లవి. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే చోట అదే కోత. ర్యాప్ ముక్క తీసేసిన ఎడిట్‌లు స్టేషన్ల కోసం ప్రత్యేకంగా తయారవుతాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఒక మనిషి కష్టపడి రాసిన పదహారు లైన్లు, పాట మీద ఆయన పేరుంది, గొంతు మాత్రం లేదు. రేడియో జాబితాలో అలా వేసినా ఒక ప్లే కిందే లెక్క. ఇప్పటికీ ఆ కోత తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మా వాడి 2003 ఇప్పుడు అర్థమవుతుంది. ఆ అక్టోబర్ 11 హాట్ 100లో టాప్ 10లోని పది పాటలూ నల్లజాతి కళాకారులవే. జాబితా చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

ఆర్ అండ్ బి–హిప్‌హాప్ జాబితా

నాకు ఇష్టమైన జాబితా ఇదే. 1942లో హార్లెమ్ హిట్ పరేడ్‌గా మొదలై, రేస్ రికార్డ్స్, రిథమ్ అండ్ బ్లూస్, సోల్, బ్లాక్ అని పేర్లు మార్చుకుంటూ వచ్చింది. 1999 చివర్లో "హిప్‌హాప్" అన్న మాట పేరులో చేరింది. ఆ పేర్ల వరస చదివితేనే అమెరికా తన నల్లజాతి పౌరుల సంగీతాన్ని ఎలా చూసిందో చాలావరకు తెలుస్తుంది.

ర్యాప్‌ని మొదట ప్రేమించినవాళ్లు ఏం విన్నారో తెలియాలంటే ఇదే చూడాలి. కానీ 2012 అక్టోబర్ దాకానే. ఆ నెలలో లెక్క మార్చారు. అంతకుముందు ఆ సంగీతం వేసే స్టేషన్లదే ముఖ్యమైన మాట. తర్వాత అన్ని రకాల స్టేషన్లు, డౌన్‌లోడ్‌లు, స్ట్రీమింగ్ కలిపేశారు. అంటే పాప్ స్టేషన్‌లో మోగిన పాటే ఇక్కడా గెలుస్తుంది. మారిన మొదటి వారంలోనే రిహానా "డైమండ్స్" 66 నుంచి ఒక్కసారిగా 1కి ఎగిరింది. 2013లో మాక్లమోర్, రయాన్ లూయిస్‌ల "థ్రిఫ్ట్ షాప్" ఈ జాబితాలో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. వాళ్లిద్దరూ తెల్లవాళ్లు, పాప్ స్టేషన్ల అండ దండిగా ఉంది. ఆ ఏడాదంతా హాట్ 100 మొదటి స్థానంలో ప్రధాన కళాకారుడిగా ఒక్క నల్లజాతి మనిషి పేరూ లేదు. పదేళ్ల కింద టాప్ 10 మొత్తం వాళ్లదే అని ఇప్పుడే చెప్పుకున్నాం కదా.

2012 తర్వాత కాలానికి ఈ జాబితా బదులు, ఆ స్టేషన్ల ప్లేలనే విడిగా లెక్కపెట్టే ఆర్ అండ్ బి–హిప్‌హాప్ ఎయిర్‌ప్లే చూడమని నా సలహా. పేర్లు దగ్గరగా ఉంటాయి, "ఎయిర్‌ప్లే" అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

ర్యాప్ జాబితా

పేరు చూసి అందరూ ముందు దీని దగ్గరికే వెళ్తారు. నేనైతే చివర్లో చూస్తాను. 1989 మార్చిలో మొదలైంది. 2001 దాకా సింగిల్స్ అమ్మకాలే దీనికి ఆధారం. సింగిల్స్ అమ్మడమే తగ్గిపోతున్న రోజుల్లో ఆ లెక్క ఎంత బలహీనమో చెప్పక్కర్లేదు. 2012 మార్పు దీన్ని కూడా తాకింది. ఆ అక్టోబర్‌లోనే కొరియా గాయకుడు సై పాట "గంగ్నమ్ స్టైల్" దీని మొదటి స్థానంలోకి వచ్చింది. పాట సరదాగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఆ వారం అమెరికాలో ర్యాప్ ఎలా ఉందని అడిగితే అది సమాధానం కాదు. 1989 నుంచి 1991 మధ్య కొత్త గొంతులు వెతకడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మరి 2017?

అది చార్ట్ కాదు, ఆ ఏడాది మొత్తం వాడకం లెక్క. అమ్మకాలు, స్ట్రీమింగ్ అన్నీ కలిపి నీల్సన్ సంస్థ చూస్తే, ఆర్ అండ్ బి, హిప్‌హాప్ కలిసి రాక్‌ని దాటి అమెరికాలో అతి పెద్ద సంగీతంగా తేలాయి. అదే ఏడాది కార్డీ బి పాట "బోడాక్ ఎల్లో" మొదటి స్థానానికి వచ్చింది. తోడు గొంతు లేకుండా ఒక ర్యాపర్ అమ్మాయి ఆ స్థానానికి రావడం 1998లో లారిన్ హిల్ తర్వాత అదే.

ఇక ఈమధ్య అందరూ పంచుకున్న వార్త ఒకటుంది. 2025 అక్టోబర్ 25 హాట్ 100లో మొదటి 40 స్థానాల్లో ఒక్క ర్యాప్ పాటా లేదు, 1990 తర్వాత ఇదే మొదటిసారి. "ర్యాప్ పని అయిపోయింది" అన్నవాళ్లు చాలామంది. ఆ వార్తని కూడా తక్కెడ దగ్గరే ఆపి అడగండి. ఎక్కువ వారాలుండి కిందికి జారుతున్న పాటలను తొందరగా తీసేసే కొత్త నియమం సరిగ్గా అప్పుడే వచ్చింది. 13 వారాలు మొదటి స్థానంలో ఉన్న కెండ్రిక్ లమార్, సిజాల "లూథర్" ఆ నియమంతోనే వెళ్లిపోయింది. అదే నెలలో టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్‌లోని 12 పాటలూ పై 12 స్థానాలూ పట్టేశాయి. ర్యాప్ కొంత వెనకబడిన మాట నిజమే, కొత్త పెద్ద హిట్‌లు తక్కువే వచ్చాయి. కానీ ఎంత వెనకబడిందో చెప్పడానికి ఆ ఒక్క వారం చాలదు.

ఎవరు ఏది పట్టుకోవాలి

ప్రాజెక్టు రాసే పిల్లలకు, వ్యాసం రాసేవాళ్లకు: ఒకే జాబితా వద్దు. ఒక పాటను తీసుకుని హాట్ 100 అంకె, ఆర్ అండ్ బి అంకె పక్కపక్కన పెట్టండి. రెండింటి మధ్య దూరమే మీ కథ. మా వాడు చివరికి అలాగే రాశాడు. సంవత్సరం ఒక్కటీ ఖాయంగా చెప్పకుండా, 1980 నుంచి 2003 దాకా ఆ దూరం ఎలా తగ్గిందో గీత గీసి చూపించాడు.

ర్యాప్ కొత్తగా వినేవాళ్లకు, ఇంగ్లిష్ వేగంగా అందని వాళ్లకు: పాప్ రేడియో జాబితాతోనే మొదలుపెట్టండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పల్లవి చేయి పట్టుకుని చరణంలోకి తీసుకెళ్తుంది. 2002 నుంచి 2010 మధ్య పాటలు బాగుంటాయి. నెల రోజులు విన్నాక అదే కళాకారుల ఆల్బమ్‌ల్లో రేడియోకి రాని పాటలకు వెళ్లండి. చెవి అలవాటు పడ్డాక ఆర్ అండ్ బి జాబితాలో 1988 నుంచి 1998 దాకా రండి.

పిల్లల విషయంలో బెంగ ఉన్న తల్లిదండ్రులకు: అమెరికాలో మామూలు రేడియో మీద ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా అసభ్యమైన మాటలు రాకూడదన్న నియమం ఉంది, స్టేషన్లు శుభ్రం చేసిన ఎడిట్‌లే వేస్తాయి. ఫోన్లో యాప్‌కి ఆ నియమం లేదు. పాట పేరు పక్కన చిన్న గళ్లో "ఈ" అనే ఇంగ్లిష్ అక్షరం ఉందంటే మాటలు ఘాటుగా ఉన్నట్టు. చాలా పాటలకు అదే పాట శుభ్రమైన కాపీ కూడా ఉంటుంది, సెట్టింగ్స్‌లో "ఈ" ఉన్నవి రాకుండా ఆపుకోవచ్చు. అయితే నా మాటగా ఒకటి: పిల్లలతో కూర్చుని "ద మెసేజ్" వినండి. ఆ పాటలో కోపం ఎందుకో వాళ్లకు మీరే చెప్పగలరు.

మనవాళ్ల జాడ వెతికేవాళ్లకు కూడా దారి ఉంది. 2002లో ట్రూత్ హర్ట్స్ పాట "అడిక్టివ్" హాట్ 100లో 9వ స్థానానికి వెళ్లింది, దాని వెనక వినిపించేది లతా మంగేష్కర్ గొంతు. అనుమతి లేకుండా వాడారని కోర్టు గొడవ కూడా అయింది. 2003లో పంజాబీ ఎం.సి. పాట మీద జే-జీ ర్యాప్ కలిపిన రూపం ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్‌లో మిఠాయి దుకాణాల ముందు ఆగిన కార్లలోంచి వినిపించేది. ఏ.ఆర్. రెహమాన్ "ప్రేమికుడు"లోని "ఊర్వశీ ఊర్వశీ" బాణీ మీద విల్.ఐ.యామ్ చేసిన పాట 2014లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. తెలుగు కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన రాజకుమారి, తను ర్యాపర్‌గా పేరు తెచ్చుకునే ముందు, ఫాల్ అవుట్ బాయ్ హిట్ "సెంచురీస్" రాసినవాళ్లలో ఒకరు. ఇలాంటివి పట్టుకోవాలంటే చార్ట్‌లో పాట పేరు దగ్గర ఆగకండి. కింద చిన్న అక్షరాల్లో ఉండే రచయితల పేర్లు చదవండి.

పాత వారాల జాబితాలు బిల్‌బోర్డ్ సైట్లో తేదీల వారీగా ఉంటాయి. మీరు ఇంటర్ చదివిన ఏడాదిలో ఒక వారం ఎంచుకోండి. ఒక కిటికీలో హాట్ 100, పక్క కిటికీలో ఆర్ అండ్ బి జాబితా తెరవండి. రెండో దాంట్లో టాప్ 5లో ఉండి, మొదటి దాంట్లో 50 కింద ఉన్న పాట ఒక్కటి దొరికినా, ముందు దాన్నే వినండి.